బిగుసుకున్న క్లచ్, రాయని నోట్‌బుక్

పోయిన సెమిస్టర్‌లో మా ఏరోమోడలింగ్ క్లబ్బులో ఒక ఇంజిన్ పిస్టన్ పాడైంది. అదెలా పాడైందో క్లబ్బులో అందరికీ ఒక కథ తెలుసు. ఆ కథ తప్పు. పాడుచేసింది నేనే. ఈ వ్యాసం సగం ఆ ఒప్పుకోలు, సగం ఒక వాదన. ముందు జరిగింది చెప్తాను, తర్వాత వాదిస్తాను. మెకానికల్ వాళ్ళు కానివాళ్ళు భయపడకండి, ఇందులో ఫార్ములాలు పెద్దగా లేవు.

మా క్లబ్బు బీరువాలో పైఅరలో ఒక మోడల్ హెలికాప్టర్ ఉంది. బ్యాటరీది కాదు, ఇంధనంతో నడిచేది. 50 సైజు గ్లో ఇంజిన్, అంటే 0.50 ఘనపు అంగుళాలు, సుమారు 8.2 సీసీ. మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనం పోస్తారు. ఇప్పుడు అందరూ ఎలక్ట్రిక్‌కి మారిపోయారు కాబట్టి దాని మీద దుమ్ము తప్ప ఏమీ వాలడం లేదు. మూడో సంవత్సరంలోకి వచ్చాక మేం నలుగురం కలిసి దాన్ని మళ్ళీ ఎగరేద్దాం అనుకున్నాం. చేత్తో తిప్పి చూస్తే ముందు బేరింగు గరగరమంటోంది. ఆశ్చర్యమేం లేదు. మిథనాల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఎగరేసిన రోజు ఇంజిన్‌లో మిగిలిన ఇంధనాన్ని పూర్తిగా కాల్చేసి, నూనె వేసి దాచకపోతే ఆ తేమ నేరుగా బేరింగులకే తుప్పు పట్టిస్తుంది.

బేరింగు మార్చాలంటే క్రాంక్ షాఫ్ట్ వెనకనుంచి బయటకు రావాలి. అది రావాలంటే ముందువైపు దానికి బిగించిన ఫ్యాన్ హబ్బు, దాని మీది క్లచ్ ఊడాలి. మా కథంతా ఆ ఒక్క "ఊడాలి" దగ్గరే ఆగిపోయింది.

క్లచ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. బైకులో లాగా దీనికి లివర్ ఉండదు. ఇది సెంట్రిఫ్యూగల్ క్లచ్. హబ్బుతో పాటు తిరిగే రెండు లోహపు రెక్కలుంటాయి, వాటినే షూలంటారు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అవి ముడుచుకుని ఉంటాయి, పైన రోటర్ కదలదు. వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుని, చుట్టూ ఉన్న గంట లాంటి డబ్బాని లోపలివైపు నుంచి పట్టుకుంటాయి. వేగం రెండింతలైతే ఆ విచ్చుకునే బలం నాలుగింతలవుతుంది. ఆ డబ్బాకి ఉన్న చిన్న పళ్ళచక్రం పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. ఇంజిన్ నిమిషానికి 16,000 చుట్లు తిరిగితే పైన రోటర్ 1,900 దగ్గర తిరుగుతుంది. అంత వేగంలో హబ్బు షాఫ్ట్ మీద వెంట్రుకవాసి జారినా ఏం జరుగుతుందో ఊహించుకోండి. అందుకే దాన్ని గట్టిగా బిగిస్తారు. మాది మరీ గట్టిగా బిగిసిపోయింది.

ఆ సాయంత్రం మేం చేసిన పనులు వరసగా రాస్తాను. సిగ్గుగానే ఉంది, అయినా రాస్తాను.

మొదట స్పానర్‌తో తిప్పబోయాం. హబ్బుతో పాటు షాఫ్ట్ కూడా తిరిగింది. షాఫ్ట్ ఆగాలంటే దేన్నో పట్టుకోవాలి. ఒకడు ఫ్యాన్‌ని చేత్తో పట్టుకున్నాడు, ఒక రెక్క విరిగింది. తర్వాత చుట్టూ డబ్బాతెగులు తగ్గించే స్ప్రే కొట్టి అరగంట కూర్చున్నాం. ఏం లాభం లేదు. ఆ తర్వాత హెలికాప్టర్‌లో ఇంజిన్ షాఫ్ట్ పైకి చూస్తుందన్న సంగతి మర్చిపోయి, కింది నుంచి చూస్తూ ఎడమ, కుడి తారుమారు చేసుకుని కాసేపు బిగించే వైపే తిప్పాం. ఊడదీయాలని వచ్చినవాళ్ళం ఇంకాస్త బిగించి పెట్టాం.

చివరికి నాకొక గొప్ప ఐడియా వచ్చింది. సైలెన్సర్ తీసేశాం కదా, పొగ బయటికెళ్ళే రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తోంది. అందులో ఒక స్క్రూడ్రైవర్ దూరిస్తే పిస్టన్ ఆగుతుంది, పిస్టన్ ఆగితే షాఫ్ట్ ఆగుతుంది. దూర్చాను. స్పానర్ మీద ఇద్దరం వేలాడాం. టక్‌మని శబ్దం వచ్చింది. ఊడిందని కేక వేశాం. ఊడలేదు. పిస్టన్ అంచు చిట్లింది.

అది మామూలు పిస్టన్ కాదు. ఇలాంటి ఇంజిన్లలో రింగులుండవు. అల్యూమినియం పిస్టన్, క్రోమియం పూత వేసిన ఇత్తడి స్లీవు, ఆ రెండింటి మధ్య కొలిచి పెట్టినట్టుండే బిగువు, కంప్రెషన్ అంతా దాని మీదే. అంచు చిట్లిందంటే పిస్టన్, స్లీవు జత మొత్తం మార్చాల్సిందే. మా క్లబ్బు ఏడాది డబ్బుల్లో అది చిన్న ముక్క కాదు.

నేను చేసిన అసలు తప్పు దీని తర్వాతది. స్క్రూడ్రైవర్ తుడిచి బోర్డు మీద దాని స్థానంలో తగిలించాను. ఇంజిన్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. హాస్టల్‌కి వెళ్ళిపోయాను.

రెండు రోజులకి క్లబ్బు ఇన్‌చార్జి సార్ చూశారు. స్క్రూడ్రైవర్ వర్క్‌షాపుది, వర్క్‌షాపు మెకానిక్ బాబాయిది. "పిల్లలకి ఏది పడితే అది ఎందుకిస్తావయ్యా" అని సార్ ఆయన్ని అందరి ముందూ అన్నారు. ఆయన "నాదే పొరపాటు సార్, ఇకనించి చూసుకుంటా" అన్నారు. సాయంత్రం ఐదు తర్వాత క్లబ్బులకి వర్క్‌షాపు ఇవ్వకూడదని నోటీసు పెట్టారు. నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు. మా అందరికంటే పెద్దాయన, మా నాన్న వయసు, నా స్క్రూడ్రైవర్ పని తన నెత్తిన వేసుకుని నిలబడితే నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

మూడు రోజులు తిండి సయించలేదని రాస్తే అబద్ధం. మెస్‌లో బాగానే తిన్నాను. కానీ వర్క్‌షాపు వైపు వెళ్ళాల్సి వస్తే చుట్టూ తిరిగి లైబ్రరీ మీదుగా వెళ్ళేవాణ్ణి. నాలుగో రోజు పొద్దున బాబాయి దగ్గరికెళ్ళి చెప్పేశాను.

ఆయన ఏమీ అనలేదు. "ఇంజిన్ పట్టుకురా" అన్నారు. తెచ్చాను. కళ్ళజోడు సవరించుకుని హబ్బు దగ్గర చాలాసేపు చూసి ఒకటే ప్రశ్న అడిగారు.

"ఇది ఎందుకు రావట్లేదో ఆలోచించారా నాన్నా?"

"గట్టిగా బిగిసిపోయింది బాబాయ్."

"అది నాకూ కనబడుతోంది. దేంతో బిగిసింది? తుప్పుతోనా, నూనె జిడ్డు గట్టిపడా, మర దెబ్బతినా, లాక్ మందు వేశారా? ఒక్కోదానికీ వేరే మందు. జొరమేదో తెలీకుండా మాత్ర వేస్తామా?"

నలుగురం మెకానికల్ వాళ్ళం ఒక సాయంత్రమంతా కుస్తీ పట్టాం, ఈ ప్రశ్న ఒక్కరికీ రాలేదు. మా దగ్గర బలం ఎంత కావాలన్న ప్రశ్నే ఉంది, దేని మీద అన్న ప్రశ్న లేదు.

ఆ హెలికాప్టర్ని ఎగరేసిన సీనియర్ అన్న నంబర్ వెతికి ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం. రాత్రి తొమ్మిదిన్నరకి ఎత్తాడు.

"అన్నా, క్లచ్ దగ్గర ఏమైనా వేశారా?"

"ఓ, అదా! ఎర్రది వేశాన్రా. ఇంకా అలాగే ఉందా?"

ఎర్రదంటే ఎర్ర థ్రెడ్‌లాకర్. మరల మధ్య గాలి ఆడనిచోట లోహం తగిలి గట్టిపడే జిగురు. నీలంది వేస్తే మామూలు పనిముట్లతో ఊడుతుంది. ఎర్రది వేస్తే వేడి చేయకుండా ఊడదు, దాదాపు 250 డిగ్రీల వరకు వేడి చేసి, వేడి మీదే తిప్పాలి. గట్టిపడ్డాక మనం కొట్టిన స్ప్రే దాని లోపలికి దిగనే దిగదు. అరగంట మేం కాచుక్కూర్చున్నది గోడకి నీళ్ళు పోసి మొలకలొస్తాయని చూసినట్టే.

"ఎర్రది ఎందుకు వేశావన్నా?"

అప్పుడు చెప్పాడు. షాఫ్ట్ కొస వైపు నుంచి చూస్తే ఇంజిన్ గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. పరిగెడుతున్నప్పుడు రోటర్ బరువు హబ్బుని వెనక్కి లాగుతుంది కాబట్టి మర ఇంకా బిగుస్తుంది. కానీ స్టార్ట్ చేసేటప్పుడు స్టార్టరు తిప్పేది షాఫ్ట్‌ని కాదు, హబ్బుని. అదీ మర ఊడే దిశలో. కంప్రెషన్ గట్టిగా ఉన్న ఇంజిన్‌ని అలా పదిసార్లు తిప్పితే ఒకసారి హబ్బు లూజవుతుంది. వాళ్ళకి ఒక పోటీ రోజు పొద్దున అలాగే లూజైంది. చేతిలో నీలంది లేదు, ఎర్రది ఉంది. వేశాడు. ఎగిరింది.

"మీ జూనియర్లకి చెప్దామనే అనుకున్నా తమ్ముడూ. ఫేర్‌వెల్ హడావిడిలో పోయింది."

ఫోన్ పెట్టేశాక నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆ పొద్దున ఆయన చేసింది సరైన పనే. ఆయన స్థానంలో నేనున్నా అదే చేసేవాణ్ణి. తప్పల్లా ఒక్క వాక్యం ఎక్కడా రాయకపోవడం. "క్లచ్ హబ్బుకి ఎర్ర లాక్ వేశాం, తీయాలంటే వేడి చేయండి." ఏడెనిమిది మాటలు. ఆ మాటలు లేక ఒక ఫ్యాన్, ఒక పిస్టన్, ఒక స్లీవు, ఒక పెద్దమనిషి పరువు పోయాయి.

మర్నాడు బాబాయి, నేను కూర్చున్నాం. ఆయన చేసిన తీరు వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఇంజిన్‌లో, బల్ల మీద ఒక్క చుక్క ఇంధనం లేకుండా తుడిపించారు. మిథనాల్ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు, కాలుతోందని చెయ్యి చెప్పేదాకా తెలీదు. తర్వాత హెడ్ విప్పి, స్లీవు తీసి, పిస్టన్‌ని, కనెక్టింగ్ రాడ్‌ని బయటికి తీసేశారు. పిస్టన్ ఎలాగూ పోయిందిగా అన్నాను. "అలవాటు అలా చేసుకోకు" అన్నారు. వెనక మూత నాలుగు స్క్రూలు తీశారు. ఒక మందపాటి అల్యూమినియం పలకకి ఆ నాలుగు స్క్రూల రంధ్రాలు, క్రాంక్ పిన్ దూరేందుకు ఐదో రంధ్రం వేసి, మూత స్థానంలో బిగించారు. ఇప్పుడు షాఫ్ట్ కదలదు. బలమంతా ఉక్కు పిన్ మీద, క్రాంక్‌కేసు మీద పడుతుంది, నాజూకు భాగాల మీద పడదు. నేను స్క్రూడ్రైవర్‌తో చేయాలనుకున్న పనే ఇది. తేడా ఏంటంటే, బలం ఏ దారిన పోతుందో ఆయన ముందే చూశారు.

క్రాంక్‌కేసు చుట్టూ తడిగుడ్డ చుట్టారు. ముందు బేరింగు ఎలాగూ మార్చేదే, వెనక బేరింగు మాత్రం బాగుంది. హీట్ గన్ హబ్బు మీదే ఆడించారు. మధ్యమధ్యలో సాల్డరింగ్ తీగ కొసని హబ్బుకి తాకించి చూశారు. మామూలు 60/40 సాల్డరు 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది. తీగ కరిగాక కూడా ఇంకొంచెం సేపు ఆగారు. థర్మామీటర్ లేకుండా వేడి కొలిచే పద్ధతి అది.

వేడి రెండు పనులు చేస్తుంది. జిగురుని మెత్తబరుస్తుంది. ఇంకోటి, మా హబ్బు అల్యూమినియం, షాఫ్ట్ ఉక్కు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. పావు అంగుళం రంధ్రం మీద లెక్క వేస్తే 170 డిగ్రీలు పెరిగినప్పుడు వచ్చే సందు సుమారు 12 మైక్రాన్లు. ఫస్టియర్‌లో ఈ లెక్క పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ సాయంత్రం మాత్రం గుర్తుకే రాలేదు.

బెల్టు రెంచి వేసి ఆయన వేలాడలేదు. ఒక్క చిన్న కుదుపు ఇచ్చారు. కిరకిరమని శబ్దం, మళ్ళీ ఇంకో కుదుపు. అంతే, చేత్తో తిరిగి వచ్చేసింది. మరల మధ్య నుంచి ఎర్రటి పొడి రాలింది. మొత్తం పనిలో సగం పైగా సమయం ఆ పలకకి రంధ్రాలు వేయడానికే పట్టింది. ఊడదీయడానికి పట్టింది నిమిషం కూడా కాదు.

ఆ రోజు మధ్యాహ్నమే సార్ దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. సార్ అరవలేదు, మెచ్చుకోనూ లేదు. "మెకానిక్‌కి నేను అందరి ముందూ అన్నాను. నువ్వు ఎక్కడ చెప్తావో ఆలోచించుకో" అన్నారు. అందుకే ఈ మ్యాగజైన్‌లో రాస్తున్నాను. బాబాయి తప్పు ఇందులో ఏమీ లేదు.

ఇక నా వాదన.

మన కాలేజీల్లో క్లబ్బులకి ఆయుష్షు మూడేళ్ళు. సెకండియర్‌లో చేరతాం, థర్డియర్‌లో నేర్చుకుంటాం, ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్లు, వెళ్ళిపోతాం. ప్రతి బ్యాచూ అవే తప్పులు మొదటినుంచి చేస్తుంది. మా తర్వాత వచ్చేవాళ్ళు కూడా ఏదో ఒక రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూరుస్తారు. మనం వెనక వదిలి వెళ్ళేవి కప్పులు, గ్రూప్ ఫోటోలు, లింక్‌డిన్‌లో "థ్రిల్డ్ టు అనౌన్స్" పోస్టులు. వాటిలో ఎక్కడా ఎర్ర లాక్ సంగతి ఉండదు. గెలిచిన సంగతి అందరం రాస్తాం. ఎలా గట్టెక్కామో, ఏది అతుకేసి వదిలేశామో రాయం.

కాబట్టి నేనంటున్నది ఇది: ప్రతి క్లబ్బుకీ, ప్రతి ల్యాబ్ ప్రాజెక్టుకీ ఒక నోట్‌బుక్ ఉండాలి. అందులో పనిచేసినవాటికంటే ముందు పనిచేయనివి రాయాలి. మనం చేసిన ప్రతి టెంపరరీ రిపేరూ, ఎందుకు చేశామన్న కారణంతో సహా ఉండాలి. ఆ నోట్‌బుక్ జూనియర్ల చేతికి ఇవ్వకుండా ఎవ్వరూ ఫేర్‌వెల్ ఫోటో దిగకూడదు.

దీనికి నా స్నేహితులు మూడు అభ్యంతరాలు చెప్పారు.

ఒకటి, "అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదరా." ఉన్నాయి. వేడి చేయాలని కూడా అక్కడ ఉంది. కానీ మన ఇంజిన్‌లో ఎవరు ఏం వేశారో యూట్యూబ్‌కి తెలీదు. ఏ వస్తువుకైనా రెండు చరిత్రలుంటాయి. ఒకటి కంపెనీ మాన్యువల్‌లో ఉంటుంది, రెండోది వాడినవాళ్ళ చేతుల్లో ఉంటుంది. రెండోది మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

రెండు, "తప్పులు రాసి సంతకం పెడితే రేపు మన మీదికే వస్తుంది." ఈ భయం నిజమైనదే, కాదనను. నేను నాలుగు రోజులు నోరు మూసుకున్నది ఆ భయంతోనే. కానీ నేను రాయకపోతే ఆ తప్పు గాల్లో కలిసిపోలేదు, జీతం తక్కువ, చదువు తక్కువ ఉన్న మనిషి నెత్తిన పడింది. మన దగ్గర రాయని తప్పులు ఎప్పుడూ కిందికే జారతాయి. నోట్‌బుక్ ఉంటే అవి ఎవరివో వాళ్ళ దగ్గరే ఆగుతాయి. అధ్యాపకులకి కూడా ఒక విన్నపం: రాసినవాడికి ఫైన్ వేస్తే ఆ నోట్‌బుక్ రెండో పేజీ దాటదు.

మూడు, "ఏ భాషలో రాయాలి?" ఇది మన తెలుగు క్లబ్బులో అడగదగ్గ ప్రశ్నే. ఇంగ్లీషులో రాయమంటే మనవాళ్ళు రెండు రకాలుగా రాస్తారు. ఒకటి రాయకపోవడం, రెండోది "ది క్లచ్ వాజ్ సక్సెస్‌ఫుల్లీ రిమూవ్డ్" అని రాయడం. ఆ రెండో వాక్యంలో సమాచారం సున్నా. తెలుగులో మాట్లాడినట్టు రాయమనండి, "ఒరేయ్, ముందు కింది నుంచి చూస్తే దిశ తారుమారవుతుంది, మేం అలాగే బిగించాం" అని రాస్తారు. పనికొచ్చేది అదే. క్లచ్‌ని క్లచ్ అనే రాయండి, హబ్బుని హబ్బనే రాయండి, ఎవరూ అనువాదం అడగట్లేదు. ఇంకో లాభం కూడా ఉంది. బాబాయి చదవగలరు, రాయగలరు కూడా. ముప్పై ఏళ్ళుగా ఆయన చేతుల్లో ఉన్నది ఇంగ్లీషు రిపోర్టులో ఎప్పుడూ పట్టలేదు. వేరే రాష్ట్రం స్నేహితులుంటే పక్కన బొమ్మ వేసి ఇంగ్లీషు ముక్క ఒకటి జోడించండి, సరిపోతుంది.

తెలుగులో సాహిత్యం బతకాలని మనం ప్రతి సంచికలోనూ రాసుకుంటున్నాం. నా అభిప్రాయం, భాష కవితలతో పాటు ఇలాంటి జిడ్డంటిన నోట్‌బుక్కుల్లో కూడా బతకాలి. పని చెప్పలేని భాషని పండగలకే తీస్తారు.

మా నోట్‌బుక్ ఇప్పుడు బీరువా రెండో అరలో, ఇంజిన్ పక్కనే ఉంది. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీలో నా రాత ఉంది, స్క్రూడ్రైవర్ సంగతితో సహా, కింద సంతకంతో. రెండో పేజీలో బెంగళూరు అన్న ఫోన్‌లో చెప్పింది. మూడో పేజీలో బాబాయి చేసిన పలక బొమ్మ, కొలతలతో. ఆ పేజీ ఆయనే రాశారు. అక్షరాలు కొంచెం పెద్దవి, కానీ మా అందరి రాత కంటే బాగుంది.

కొత్త పిస్టన్ జత కోసం డబ్బులు పోగేస్తున్నాం, నా వాటా పెద్దది. హబ్బు ఈసారి నీలంతోనే బిగిస్తాం. ఐదు తర్వాత వర్క్‌షాపు ఇవ్వకూడదన్న నోటీసు మాత్రం ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని తీయించమని సార్‌ని అడగాలి. మీ క్లబ్బుల వాళ్ళు కూడా వస్తానంటే సోమవారం లంచ్ తర్వాత కలిసి వెళ్దాం.